లిటిల్ సైగాన్‌లో మూడు రోజులు: ఏ పూట ఏం తినాలి, ఎక్కడ ఏం కొనాలి

కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీకి వెళ్లిన మనవాళ్లు సాధారణంగా డిస్నీలాండ్ చూసి, ఆర్టీషియాలో కందిపప్పూ చీరలూ కొనుక్కుని వెనక్కి వచ్చేస్తారు. డిస్నీలాండ్ నుంచి ట్రాఫిక్ లేని వేళ ఇరవై నిమిషాలు కారు నడిపితే వెస్ట్‌మిన్‌స్టర్, గార్డెన్ గ్రోవ్ ఊళ్లు కలిసే చోట లిటిల్ సైగాన్ వస్తుంది. వియత్నాం బయట వియత్నామీయులు ఇంతమంది ఒకచోట ఉన్న ప్రాంతం మరోటి లేదు. కౌంటీ మొత్తం మీద రెండు లక్షలు దాటారు.

ఇది పర్యాటకుల కోసం కట్టిన వీధి కాదు. వాళ్ల జనం పొద్దున ఏం తింటారు, మధ్యాహ్నం ఏం తింటారు అన్న లెక్క మీదే కొట్లు నడుస్తాయి. వేళ తప్పి వెళ్తే మంచి కొట్లో కూడా అడుగున మిగిలిందే దొరుకుతుంది. అందుకే ఈ ప్రయాణాన్ని పూటల ప్రకారం వేశాం. శుక్రవారం మొదలుపెట్టి ఆదివారం ముగించడం మేలు. వారం మధ్యలో అయితే మంగళవారమో బుధవారమో మూసే కొట్లు కొన్ని ఉంటాయి, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. జేబులో ఇరవై డాలర్ల నోట్లు కొన్ని ఉంచుకోండి. పేరున్న పాత హోటళ్లలో కొన్ని ఇప్పటికీ కార్డు తీసుకోవు.

మొదటి రోజు, శుక్రవారం: బోల్సా అవెన్యూ

మ్యాగ్నోలియా వీధి నుంచి బ్రూక్‌హర్స్ట్ వీధి దాకా బోల్సా అవెన్యూ సరిగ్గా ఒక మైలు. ఊరికి గుండెకాయ ఇదే. పటంలో చూస్తే నడిచే దూరంలాగే ఉంటుంది కానీ నడవాలనుకోకండి. ఒక్కో ప్లాజాకీ వీధికీ మధ్య ఎకరాల కొద్దీ పార్కింగ్ స్థలం, పైన నీడ లేని ఎండ. కారు లేకపోతే బోల్సా మీదుగా వెళ్లే 64వ నంబరు సిటీ బస్సు ఉంది. కారు ఉంటే ఉదయం 11 లోపే వచ్చి ఒక పెద్ద ప్లాజాలో పెట్టుకోండి. 12 దాటాక ఖాళీ కోసం చుట్లు కొట్టడమే పని.

1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ కమ్యూనిస్టుల చేతికి పోయింది. ఆ రోజుల్లో అమెరికా ప్రధాన భూభాగంలో శరణార్థులకు మొదట తలుపు తీసిన సైనిక స్థావరం క్యాంప్ పెండిల్‌టన్. ఇక్కడికి దక్షిణాన దాదాపు గంట ప్రయాణం. అక్కడినుంచి బయటపడ్డవాళ్లు అద్దెలు తక్కువని ఈ స్ట్రాబెరీ పొలాల పక్క ఊళ్లకి చేరారు. 1978లో 'న్గువోయ్ వియెట్' పత్రిక మొదలైంది, ఇప్పటికీ రోజూ వస్తోంది. ఈనాడు అమెరికా అంతటా ఉన్న ఆసియా సరుకుల సూపర్ మార్కెట్ 99 రాంచ్ తొలి దుకాణం తెరిచిందీ ఇక్కడే, 1984లో. 1988లో గవర్నర్ డ్యూక్‌మెజియన్ వచ్చి ఫ్రీవే మీద 'లిటిల్ సైగాన్' బోర్డు ఆవిష్కరించాడు.

ఒక జాగ్రత్త. స్తంభాలకూ కొట్లకూ కట్టిన జెండా పసుపు మీద మూడు ఎర్ర గీతలది, అంటే పాత దక్షిణ వియత్నాంది. హనోయ్‌లో కొన్న ఎర్ర టీషర్టు, దాని మీద పసుపు నక్షత్రం (ఇప్పటి కమ్యూనిస్టు వియత్నాం జెండా) ఉంటే, దాన్ని ఇంట్లో వదిలి రండి. 1999లో ఇక్కడి ఒక వీడియో షాపులో కమ్యూనిస్టు నాయకుడు హో చి మిన్ బొమ్మ తగిలిస్తే వారాల తరబడి వేలమంది రోడ్డెక్కారు. 'హో చి మిన్ సిటీ' అనకుండా 'సైగాన్' అనండి, అందరికీ సుఖం.

మొదటి భోజనం బాన్ మీ. జానెడు రొట్టె, పైన పెళుసు, లోపల దూది. రొట్టె పట్టుకుని కొంచెం నొక్కితే పైపెచ్చు పొట్టులా రాలాలి, రాలకపోతే అది పొద్దున కాల్చింది. లోపల మెయోనీజ్, పంది కాలేయంతో చేసే పాటే పూత, మాంసం, తీపిపులుపులో ఊరిన ముల్లంగి క్యారెట్ తురుము, దోసకాయ, కొత్తిమీర, పచ్చిమిర్చి చీలికలు. మెనూలో మొదటి నంబరుగా ఉండే 'దాక్ బియెట్' రకరకాల పంది మాంసపు ముక్కలది. పంది వద్దనుకునేవాళ్లు కాల్చిన కోడి (గా నువోంగ్) అడిగి, 'నో పాటే' అని విడిగా చెప్పాలి. చెప్పకపోతే కోడి రొట్టెలోనూ ఆ పూత పడుతుంది. శాకాహారులకు టోఫూది ఉంటుంది, మెయోనీజ్‌లో గుడ్డు ఉంటుందని గుర్తుంచుకోండి. గుడ్డు తినేవాళ్లకైతే పొరటు కాకుండా ఆమ్లెట్టూ కాకుండా సొన కారేలా వేయించిన గుడ్డు పెట్టిన 'ఓప్ లా' చాలా బాగుంటుంది.

'రెండు కొంటే మూడోది ఉచితం' అన్న బోర్డులు ఇక్కడ పాత అలవాటు. ఆశపడి మూడూ ప్లాస్టిక్ సంచిలో వేసుకుంటే అరగంటలో రొట్టె చెమట పట్టి మెత్తబడుతుంది. కాగితం సంచి అడగండి, ఊరగాయ విడిగా ఇమ్మనండి. సాయంత్రానికి ఓవెన్‌లో 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఐదు నిమిషాలు కాల్చి అప్పుడు కూరలు పెట్టుకోవచ్చు.

తిన్నాక ఏషియన్ గార్డెన్ మాల్. 1987లో తెరిచారు. వాళ్ల నోట 'ఫుక్ లోక్ తో', ముందు నిలబెట్టిన ముగ్గురు దేవతల పేరు. కింద మూలికల కొట్లు, బట్టలు, తిండి. పై అంతస్తు నిండా బంగారం. మనవాళ్లు ఆగేది అక్కడే, కాబట్టి లెక్క తెలుసుకుని ఎక్కండి. వాళ్ల కొలత 'చీ', 3.75 గ్రాములు. పది చీలు ఒక 'లువోంగ్', 37.5 గ్రాములు. మన తులం లెక్క (11.66 గ్రాములు) వేసుకుంటే చీ అందులో మూడో వంతు కన్నా తక్కువే. వాళ్ల పెళ్లి నగలు ఎక్కువగా 24 క్యారెట్లవి, మెత్తగా ఉంటాయి, రోజువారీ గాజులకి పనికిరావు. 18 క్యారెట్లదీ 14దీ పక్కపక్కనే అద్దాల్లో ఉంటుంది, ముద్ర చూసి అడగాలి. నగదుకి ఒక ధర, కార్డుకి ఒక ధర చెప్తారు. రెంటికీ పైన అమ్మకం పన్ను ఉంటుందా, కలిపే చెప్పారా అన్నది బేరానికి ముందే తేల్చుకోండి.

ఎండ తగ్గేవేళకి కాఫీ. కఫే సువా దా అంటే ముదరగా వేయించిన రొబస్టా డికాక్షన్, కండెన్స్‌డ్ మిల్క్, ఐసు. దింపే గిన్నె పేరు 'ఫిన్', సూపర్ మార్కెట్లలో కొద్ది డాలర్లకే స్టీలుది దొరుకుతుంది. ఒక గ్లాసుకి 20 నుంచి 25 గ్రాముల పొడి వేసి, లోపలి చిల్లుల బిళ్లని అదమకుండా ఊరికే కూర్చోబెట్టాలి. ముందు రెండు చెంచాల వేడినీళ్లు పోసి అరనిమిషం ఆగి, తర్వాత 100 మిల్లీలీటర్లు పోయాలి. నాలుగైదు నిమిషాల్లో దిగాలి. రెండు నిమిషాల్లోనే దిగిపోతే పొడి ముతక. పది నిమిషాలైనా చుక్కలే పడుతుంటే పొడి మరీ సన్నం, లేదా బిళ్లని బిగించేశారు. అడుగున రెండు పెద్ద చెంచాల పాలు సరిపోతాయి. కాఫీ షాపులో మూడు నాలుగు పోస్తారు, 'లెస్ స్వీట్' అంటే తగ్గిస్తారు.

వేసవి వారాంతాల్లో ఈ మాల్ పార్కింగ్‌లోనే రాత్రి బజారు పెడతారు. బొగ్గుల మీద కాల్చే చీకులు, ఉల్లికాడ నూనె రాసిన మొక్కజొన్న, కళ్లముందు పిండే చెరకురసం. చెరకుతో పాటు చిన్న నారింజల్లాంటి కంక్వాట్ పళ్లు గానుగలో వేస్తారు, ఆ పులుపుతోనే రసం తేరుకుంటుంది. తెత్ పండగ, అంటే వాళ్ల చాంద్రమాన సంవత్సరాది, జనవరి చివరో ఫిబ్రవరిలోనో వస్తుంది. దానికి ముందు కొన్ని వారాలు ఇదే చోట పూల సంత. అప్పుడు మాత్రం కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు, బస్సే నయం.

రెండో రోజు, శనివారం: పొద్దున్నే ఫో, తర్వాత సంత

ఫో అంటే వేడి మాంసపు రసంలో వేసిన బియ్యపు నూడుల్స్, పొద్దుటి తిండి. రాత్రంతా మరిగిన రసం ఉదయం 8కి నిండుగా ఉంటుంది. సాయంత్రానికి నీళ్లు కలిపి సాగదీసిన కొట్లూ ఉన్నాయి. గార్డెన్ గ్రోవ్‌లో హ్యాజర్డ్ అవెన్యూ మీద ఉన్న ఫో 79 ఇక్కడి పాతకాపు, 1982 నాటిది. 2019లో అమెరికాలో వంటలకి అవార్డులిచ్చే జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ 'అమెరికాస్ క్లాసిక్స్' గుర్తింపు ఇచ్చింది. శనివారం 9 దాటితే వరుస బయటికి వస్తుంది. ఎద్దు తోకతో చేసే ఫో కోసం వచ్చేవాళ్లే ఎక్కువ, అది ముందే అయిపోతుంది.

గొడ్డు మాంసం తినని ఇంటివాళ్లకి దారి ఫో గా, కోడిది. కోడి ఫో మాత్రమే అమ్మే హోటళ్లకి వెళ్లండి. రెండూ అమ్మే చోట్ల కోడి ముక్కలు వేసి గొడ్డు ఎముకల రసమే పోసే వీలుంది, కాబట్టి రసం దేనిదని అడగాలి. మామూలు హోటల్లో మెనూ చివర ఉండే 'వెజిటబుల్ ఫో'ని అసలు నమ్మకండి. పైన క్యారెట్ బ్రకోలీ, కింద అదే రసం.

అందులో పడే దినుసులు మన బిర్యానీ డబ్బాలో ఉన్నవే: అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం, పెద్ద యాలక, ధనియాలు. తేడా మోతాదులో ఉంది. కోడి ఫోకి నాలుగు లీటర్ల నీటికి ఒక కోడి (కిలోన్నర), ఒక కిలో ఎముకలు. దానికి అనాసపువ్వులు రెండు, వేలెడు దాల్చినచెక్క, లవంగాలు మూడు, ధనియాలు ఒక పెద్ద చెంచా, అంతే. ఒక ఉల్లిపాయనీ బొటనవేలంత అల్లం ముక్కనీ మంట మీద నల్లగా కాల్చి, మసి కడిగి వేస్తారు. ఎముకల్ని ముందు ఐదు నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోయకపోతే రసం బురదగా తేలుతుంది. కోడిని 45 నిమిషాలకి తీసి చన్నీళ్లలో ముంచాలి, చర్మం బిగుస్తుంది, మాంసం ఎండదు. ఎముకలు మాత్రం ఇంకో రెండు గంటలు, సన్న సెగ మీద. తెర్లనిస్తే మసకబారుతుంది. పటికబెల్లం, ఫిష్ సాస్, ఉప్పు చివర్లో. మసాలాలు వేయించి బట్టలో మూటకట్టి వేసి, గంటకి తీసేస్తారు. మనకి అలవాటైన ఘాటు కోసం ఎక్కువసేపు ఉంచితే అనాసపువ్వు మిగతా అన్నిటినీ మింగేస్తుంది.

గిన్నె బల్ల మీదకి రాగానే ఎర్ర సీసా, నల్ల సీసా తీసి గిన్నెలో పిండడం మనవాళ్లు చేసే మొదటి పని. ముందు రసం ఒక గరిటెడు తాగి చూడండి, ఏం తక్కువైందో తెలుస్తుంది. శ్రీరాచా, హోయ్‌సిన్ సాసులు చిన్న పళ్లెంలో పక్కన కలుపుకుని మాంసం ముంచుకోవడానికి. అన్నట్టు పచ్చ మూత, కోడిపుంజు బొమ్మ శ్రీరాచా చేసేది కూడా శరణార్థిగా వచ్చిన డేవిడ్ ట్రాన్. ఆయన ఎక్కి వచ్చిన ఓడ హ్యూయ్ ఫాంగ్ పేరే 1980లో కంపెనీకి పెట్టుకున్నాడు. పళ్లెంలో వచ్చే పచ్చి పెసర మొలకలు గుప్పెడు వేస్తే రసం చల్లారిపోతుంది, కాబట్టి వేడినీళ్లలో ముంచి ఇమ్మంటే ఇస్తారు. తులసి జాతి ఆకుల్ని కాడ తీసి చేత్తో తుంచి వేసుకోవాలి. నూడుల్స్ పది నిమిషాల్లో ఉబ్బి రసం తాగేస్తాయి, కబుర్లు తిన్నాకే. బిల్లు బల్ల దగ్గరికి రాదు, లేచి గల్లా దగ్గర కట్టాలి.

పదిన్నరకి ఇంకా చోటుంటే బాన్ కువోన్ తయారయ్యే చోటు వెతకండి, తినడానికి కాకపోయినా చూడ్డానికి. మరుగుతున్న కుండ మూతికి గుడ్డ బిగించి, దానిమీద బియ్యప్పిండి జావ గరిటెతో పల్చగా పరిచి మూత పెడతారు. అరనిమిషానికి పొర గాజులా అవుతుంది. సన్నని వెదురు బద్దని కిందికి దూర్చి, పొరని మధ్యకి ఆనించి, ఒక్క ఊపున లేపి నూనె రాసిన పళ్లెం మీద పరుస్తారు. ఆత్రేయపురంలో పూతరేకు వేసేవాళ్లని చూసినవారికి ఆ చేతివాటం వెంటనే తెలిసిపోతుంది. అక్కడ గుడ్డతో బోర్లించిన కుండ మీద పూసి పొడి సెగకి రేకు ఎండనిస్తారు, ఇక్కడ గుడ్డ మీదే పోసి ఆవిరికి తడిపొర తీస్తారు. జావలో కొంచెం కర్రపెండలం పిండి కలుస్తుంది, లేకపోతే పొర తెగుతుంది, ఎక్కువైతే రబ్బరు. ప్రతి గరిటెకీ ముందు అడుగునుంచి కలపాలి, లేదంటే పిండి దిగిపోయి మొదటి పొరలు నీళ్లలా, చివరివి మందంగా వస్తాయి. లోపల పెట్టేది పంది ఖీమా, చెక్కపుట్టగొడుగు. ఖీమా లేని ఉత్త పొరలు 'బాన్ ఉవోట్' అడిగితే దొరుకుతాయి, పైన వేయించిన ఉల్లి.

తర్వాత సూపర్ మార్కెట్. విదేశంలో తెలుగు వంట చేసేవాళ్లకి ఈ ప్రయాణంలో అసలు లాభం ఇక్కడే. ఇండియన్ స్టోర్‌లో వారానికోసారి వాడిపోయి వచ్చే ఆకుకూరలు వీళ్ల దగ్గర రోజూ తాజాగా కట్టలు కట్టలు. తోటకూర (రావ్ జెన్), బచ్చలి (మోంగ్ తోయ్), తూటికూర (రావ్ ముయోంగ్), కాకర, బీర, అరటిపువ్వు, పచ్చి బొప్పాయి, అరటాకులు. కాకర లేతాకుపచ్చగా లావుగా ఉండే రకం, చేదు తక్కువ, వేపుడుకి నీరు ఎక్కువ ఊరుతుంది. బీరకాయ పక్కనే నునుపుగా ఉండేది నేతిబీర, తొందరలో తారుమారు చేయకండి. కొత్తిమీర గుట్టల పక్కన గుండె ఆకారంలో చిన్న ఆకుల కట్ట ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నలిపితే పచ్చి చేప వాసన. తెలిసి కొంటే సరే.

బియ్యం వరుసలో 'తామ్' అని రాసిన సంచులు నూకలు. మిల్లులో విరిగిన బియ్యం పేదవాడి కూడుగా మొదలై, సైగాన్‌లో మధ్యాహ్నపు పెద్ద భోజనమైంది. కమ్ తామ్ అంటే నూకల అన్నం, పక్కన కాల్చిన పంది ముక్కో కోడో, గుడ్డు. ఇదే ఈ పూట భోజనంగా పెట్టుకోవచ్చు. ఇంట్లో వండితే నీళ్లు మామూలు బియ్యానికన్నా తగ్గించాలి, లేకపోతే జావ.

ఇంటికి పట్టుకెళ్లాల్సినవి మూడు. ఫిష్ సాస్ సీసా మీద దినుసుల్లో చేప, ఉప్పు తప్ప మరేం ఎక్కువ ఉండకూడదు. '40 ఎన్' లాంటి అంకె నత్రజని కొలత, పెద్దదైతే చిక్కన. బియ్యపు కాగితాలు, 22 సెంటీమీటర్ల సైజు. వాటిని గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు సెకన్లే ముంచి, ఇంకా బిరుసుగా ఉండగానే పళ్లెంలో వేయాలి. చుట్టేలోపు మెత్తబడుతుంది. నీళ్లలోనే మెత్తబడేదాకా ఉంచితే చేతికి అంటుకుని చిరుగుతుంది. మూడోది లావు తెల్లముల్లంగి, బాన్ మీ ఊరగాయకి. అరకిలో ముల్లంగి, పావుకిలో క్యారెట్ అగ్గిపుల్లల్లా తరిగి, రెండు చెంచాల ఉప్పు పట్టించి పావుగంట ఉంచాలి. పుల్ల విరగకుండా వంగితే సిద్ధం. కడిగి గట్టిగా పిండి, కప్పు వెనిగర్, కప్పు గోరువెచ్చని నీళ్లు, అరకప్పు పంచదార కరిగించి పోయాలి. మర్నాటికి తినొచ్చు, ఫ్రిజ్‌లో మూడు వారాలు నిలుస్తుంది. మూత తీయగానే కంపు కొడితే చెడిపోయిందనుకోకండి, ముల్లంగిలోని గంధకం వాసన అది. పది నిమిషాలు మూత తీసి పెడితే పోతుంది.

సాయంత్రం నాలుగింటికి చే. పెసరపప్పు, ఎర్ర బీన్స్, పచ్చ జెల్లీ, కొబ్బరిపాలు, ఐసు పొరలుగా పోసిన గ్లాసు. బోల్సా మీది హియెన్ ఖాన్ లాంటి చే దుకాణాల్లో ట్రేలు వరుసగా పెట్టి ఉంటాయి, వేలు చూపిస్తే చాలు.

రాత్రికి నెమ్ నువోంగ్ చుట్టలు. బ్రోడార్డ్ హోటల్ పేరు అందరూ చెప్తారు, ఇప్పుడది పక్క ఊరు ఫౌంటెన్ వ్యాలీలో ఉంది. కాల్చిన పంది ముద్ద, ఆకులు, లోపల కరకరలాడే వేయించిన పొర, పక్కన గోరువెచ్చని చిక్కటి సాస్. ఆ కరకర గంటలో పోతుంది, పార్సిల్ దండగ. పంది వద్దంటే రొయ్యలవి ఉంటాయి. మామూలు చుట్టలకి ముంచుకునే నువోక్ చామ్ ఇంట్లో చేసుకోవడం తేలిక: ఫిష్ సాస్, పంచదార, నిమ్మరసం తలా ఒక వంతు, నీళ్లు మూడున్నర వంతులు. పంచదార ముందు నీళ్లలో కరిగాకే మిగతావి. వెల్లుల్లి, మిర్చి అన్నిటికన్నా చివర, అప్పుడే పైకి తేలతాయి.

మూడో రోజు, ఆదివారం: చాయ్ భోజనం, ఉత్తరానికి ప్రయాణం

బోర్డు మీద 'చాయ్' ఉంటే పూర్తి శాకాహారం, బౌద్ధుల పద్ధతి. చేప సాస్ కూడా సోయాతో చేసిందే. మామూలు హోటల్లో తూటికూర వేపుడులో సైతం ఫిష్ సాస్ పడుతుంది కాబట్టి, నిష్ఠగా ఉండేవాళ్లు మూడు రోజులూ చాయ్ హోటళ్లలోనే తినడం మంచిది. ఫౌంటెన్ వ్యాలీలోని ఆవ్ లాక్ లాంటివి పూర్తిగా మొక్కల వంటే. గోధుమ గ్లూటెన్‌తో చేసిన 'కోడి', 'రొయ్య' చూసి కంగారుపడకండి. వాళ్ల చాంద్రమాసం మొదటి రోజు, పదిహేనో రోజు చాలామంది మాంసం మానేస్తారు. మన క్యాలెండర్లో అమావాస్య, పౌర్ణమి చూసుకుంటే ఆ రోజుల రద్దీ ముందే తెలుస్తుంది.

భోజనానికి ముందో తర్వాతో వెస్ట్‌మిన్‌స్టర్ సివిక్ సెంటర్ పక్కన 2003లో నెలకొల్పిన యుద్ధ స్మారకం చూడండి. అమెరికన్ సైనికుడు, దక్షిణ వియత్నాం సైనికుడు పక్కపక్కన నిలబడ్డ విగ్రహాలు. పావుగంట చాలు.

అక్కడినుంచి బ్రూక్‌హర్స్ట్ వీధి పట్టుకుని తిన్నగా ఉత్తరానికి వెళ్తే ఒకే రోడ్డు మీద బోర్డుల భాష మారుతూ వస్తుంది. గార్డెన్ గ్రోవ్ బులెవార్డ్ దాటేటప్పుడు కొరియన్, అనాహైమ్‌లోకి వచ్చాక అరబిక్. ఆ చివరిదాన్ని లిటిల్ అరేబియాగా నగర మండలి గుర్తించింది 2022లో. అంతకు చాలా ఏళ్ల ముందునుంచీ కొట్లవాళ్లు అడుగుతూనే ఉన్నారు. హలాల్ మాంసం, ఖర్జూరాలు ఇక్కడ కొనుక్కోవచ్చు.

చివరి మజిలీ ఆర్టీషియా, పయనీర్ బులెవార్డ్. చీరలు, మిఠాయిలు, 22 క్యారెట్ల నగలు. జనం అంతా లిటిల్ ఇండియా అనే పిలుస్తారు గానీ ఊరు ఆ పేరుని అధికారికంగా ఒప్పుకోలేదు. ఫ్రీవే బోర్డు మీద ఉండేది 'అంతర్జాతీయ, సాంస్కృతిక షాపింగ్ డిస్ట్రిక్ట్' అన్న మాట. బోల్సావాళ్లు 1988లోనే సాధించుకున్నది వీళ్లకి ఇప్పటికీ దక్కలేదు. ఆకుకూరలు బోల్సాలోనే తీసుకున్నారు కాబట్టి ఇక్కడ గోంగూర, కందిపప్పు, అల్లం మురబ్బా లాంటివి చూసుకోండి. కరివేపాకు మొక్క మాత్రం కొని వేరే ఊరికి కారులో వేసుకెళ్లొద్దు. నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగు దాని మీద కూడా బతుకుతుందని, ఈ ప్రాంతం నుంచి మొక్కల రవాణా మీద ఆంక్షలు ఉన్నాయి.